అడవిలో ఒంటరి బాటసారి: జాగ్రత్త వెల, వెదకులాట వెల

పలమనేరు పట్టణము చిత్తూరు నుండి బెంగుళూరు పోవు రాజమార్గముమీద, మొగిలి కనుమ ఎక్కిన తరువాత వచ్చు పీఠభూమిపై నున్నది. సముద్రమట్టమునకు దీని ఎత్తు 680 మీటర్లకు కొంచెము పైబడి యుండును. నీలగిరులకు దారులు పడక పూర్వము మద్రాసులోని ఆంగ్లేయులు వేసవి తాపమునకు తాళలేక ఆరోగ్యము కొరకు ఇచ్చటికి వచ్చుచుండెడివారు. పలమనేరు నుండి కుప్పము వైపుగా గుట్టలు, లోయలు, ముండ్లపొదలు, వెదురు తోపులు గల అడవి వ్యాపించి యున్నది. కౌండిన్య, కైగల్ అను ఏరులు ఈ అడవిగుండ ప్రవహించి పాలారులో కలియును.

ఈ అడవిలోనికి ఒంటరిగా పోవువారు అనేకులు. పశువులను తోలుకొని పోవు కాపరి, కట్టెలకు పోవు మనిషి, అడ్డదారిని ప్రక్క ఊరికి పోవు రైతు, సెలవు దినమున కైగల్ జలపాతము చూడబోవు విద్యార్థి - వీరందరిని అడవి ఒకే తీరుగా చూచును. వీరిలో ఒకరు చీకటి పడినను ఇల్లు చేరకపోయినచో ఏమి జరుగును? వెదకుటకు ఎవరు పోవుదురు? ఎంతమంది కావలెను? అందులకగు ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలు నేటివిగా తోచును గాని చాల పాతవి. మన దేశములో వీనికి కాలానుగుణముగా వేరువేరు సమాధానములు లభించినవి. ఆ చరిత్రను పరిశీలించినచో ఒక సత్యము స్పష్టమగును: ప్రయాణపు భద్రతకు వెల ఎవరో ఒకరు చెల్లింపక తప్పదు, ముందుగా చెల్లించినచో అది స్వల్పము, తరువాత చెల్లించినచో అది అపారము.

కావలి రుసుము

పూర్వకాలమున దూరప్రయాణము ఒంటరిగా చేయువాడు అరుదు. ఉప్పును, ధాన్యమును ఎద్దులమీద వేసికొని లంబాడీలు పెద్ద పెద్ద బిడారులుగా నడచెడివారు. యాత్రికులును గుంపులు కట్టియే బయలుదేరెడివారు. దారి పొడవున చలివేంద్రములు, సత్రములు, మండపములు దాతలచే కట్టబడి యుండెను. ఒక బాటసారి దప్పికతో పడిపోకుండుటకు ఎన్నడును అతని ముఖము చూడని ఒక ధర్మాత్ముడు ముందే వెల చెల్లించినాడన్నమాట.

కనుమలలో మరియొక ఏర్పాటు కలదు. రాయలసీమలోను, చిత్తూరు పడమటి పాలెములలోను పాళెగాండ్రు, వారి క్రింది కావలివారు దారులను కాపాడుచు, అందులకై గ్రామములనుండి, వర్తకులనుండి కావలి రుసుము పుచ్చుకొనెడివారు. తమ ఎల్లలో దొంగతనము జరిగినచో సొత్తును వెదకి తెచ్చుటయో, లేదా దాని విలువ చెల్లించుటయో కావలివాని విధి. ఇది నేటి భీమాకు దగ్గరి పద్ధతి. కాని ఇందులో పెద్ద లోపము లేకపోలేదు. రుసుము చాలనప్పుడు కావలివాడే దోపిడీకి దిగిన సందర్భములు అనేకములు. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈస్టిండియా కంపెనీ పాళెగాండ్ర బలమును అణచివేసి, కావలి హక్కులను రద్దుచేసెను. 1859లో మద్రాసు పోలీసు చట్టము వచ్చెను. దారికాపు అప్పటినుండి పూర్తిగా ప్రభుత్వపు పని అయ్యెను. దాని వెల అప్పటివరకు దారిన పోవువారు చెల్లించిరి; ఇక మీదట ప్రజలందరును పన్నుల రూపమున చెల్లించుట మొదలయ్యెను.

యెల్లాపురము అడవిలో జ్వరము

దొంగలనుండి కాపాడుటకు కావలివాడు చాలును. కాని అడవిలోని అపాయములన్నియు కంటికి కనబడునవి కావు. ఈ సంగతి తెలంగాణమునందు 1819లో జరిగిన ఒక దుర్ఘటన వలన తెలియవచ్చును.

విలియం లాంబ్టన్ ఆరంభించిన భారతదేశపు మహా త్రికోణమితి సర్వే అప్పటికి హైదరాబాదు చేరి యుండెను. లాంబ్టన్ వృద్ధుడగుటచే అతనికి సహాయకుడుగా జార్జి ఎవరెస్టు నియమింపబడెను. అప్పటి కతని వయస్సు ముప్పది దాటలేదు. కృష్ణా గోదావరుల నడుమనున్న అడవులను కొలుచుటకు అతడు పరివారముతో బయలుదేరెను. వెంట వైద్యుడును, భూగర్భ శాస్త్రజ్ఞుడును అగు హెన్రీ వాయిసీ కూడ నుండెను.

వారు వర్షాకాలమును కోరియే ఎన్నుకొనిరి. అందులకు శాస్త్రీయమైన కారణము కలదు. వేసవిలో గాలి దుమ్ముతోను, ఎండమావులతోను నిండియుండును. దూరపు కొండశిఖరము కనబడదు. వాన కురిసి వెలిసిన పిమ్మట గాలి నిర్మలమై, పదుల మైళ్ళ దూరములోని గురుతు కూడ దుర్భిణిలో స్పష్టముగా కనబడును. కొలతలకు అనుకూలమైన ఆ కాలమే దోమలకును అనుకూలమైన కాలము. ఆ సంగతి అప్పటి కెవరికిని తెలియదు.

యెల్లాపురము ప్రాంతపు అడవులలో నుండగా ఎవరెస్టుకు తీవ్రమైన జ్వరము వచ్చెను. వాయిసీకిని వచ్చెను. దాదాపు 150 మంది గల పరివారములో జ్వరము తగులని వారు లేకపోయిరి. నడువగలవాడు లేనప్పుడు మోయువాడెవడు? హైదరాబాదు నుండి ఏనుగులు, బండ్లు, డోలీలు పంపి వారిని తీసికొని పోవలసి వచ్చెను. దారిలో 15 మంది మరణించిరి. మరుసటి సంవత్సరము ఎవరెస్టు తిరిగి పనిలోనికి దిగి మరల జబ్బుపడి, ఆరోగ్యము కొరకు 1820లో ఆఫ్రికా దక్షిణాగ్రముననున్న కేప్ ప్రాంతమునకు పోవలసిన వాడయ్యెను.

ఆ పరివారమునకు ధనము కొరత లేదు, ఆయుధములు కలవు, సిపాయిలు కలరు, వైద్యుడు కలడు. లేనిది ఒక్కటే: అపాయమునకు కారణమేదో తెలియు జ్ఞానము. చెడుగాలి వలన అడవి జ్వరము వచ్చునని ఆనాటివారి విశ్వాసము. లక్షణములను బట్టి చూడగా అది మలేరియా అయి యుండునని నేడు ఊహింపవచ్చును. విచిత్రమేమన, ఎవరెస్టు రెండవమారు జబ్బుపడిన ఆ 1820లోనే పారిస్ నగరమున పెల్లెటియే, కవెంటూ అను ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు సింకోనా బెరడునుండి క్వినైనును వేరుచేసిరి. 1880లో లావెరాన్ రోగి రక్తములో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూచెను. 1819 నాటి పరివారమునకు దోమతెర ఒక్కటి విలువ తెలిసియున్నచో ఆ ఏనుగులు, డోలీలు బహుశః అక్కరలేకపోయి యుండును.

వీరాస్వామయ్యగారి సిద్ధపాటు

యెల్లాపురపు సంఘటన జరిగిన పదునొకండు సంవత్సరములకు ఒక తెలుగు యాత్రికుడు నల్లమల అడవి దాటెను. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18వ తేదీన మద్రాసునుండి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదుల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరెను. దారిపొడవున మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు ఆయన వ్రాసిన లేఖలే తరువాత 1838లో కాశీయాత్రా చరిత్రగా అచ్చుపడెను.

ఆ గ్రంథమును భక్తులు పుణ్యక్షేత్రముల కొరకు చదువుదురు. ప్రయాణ భద్రతను గూర్చి తెలిసికొనదలచినవారు కూడ చదువదగును. ఏ మజిలీలో మంచినీరు దొరకును, ఎచ్చట సత్రము కలదు, ఎచ్చట బియ్యము, పప్పు కొనవచ్చును, ఏ దారి బండ్లకు పనికివచ్చును, ఏ ఏటిని ఎట్లు దాటవలెను అను వివరములు అడుగడుగునను కలవు. తాను గుడారములు, బోయీలు, పరివారముతో వెళ్ళినప్పటికిని, తన తరువాత స్వల్ప సాధనములతో రాబోవు బాటసారిని మనస్సులో నుంచుకొని ఆయన వ్రాసెను.

శ్రీశైలమునకు పోవు దారిలో నాటి కర్నూలు నవాబు యాత్రికులవద్ద సుంకము వసూలు చేయుచుండెను. ఆ అడవిలో చెంచులకు మరియొక హక్కు ఉండెను. కనుమదారులను కాపాడి యాత్రికులను క్షేమముగా దాటించుటకై వారు కొంత ప్రతిఫలము పుచ్చుకొనెడివారు. దారి తెలిసినవాడు, నీటిచెలమ తెలిసినవాడు, మృగముల జాడ తెలిసినవాడు తోడుండుటకు యాత్రికుడు ముందుగా ఇచ్చిన వెల అది. ఈ రెండు చెల్లింపులకు భేదము గమనింపదగినది. చెంచుకు ఇచ్చిన పైకము దారిలోనే భద్రతగా మారి యాత్రికునికి ముట్టెను. నవాబుకు చెల్లించిన సుంకమునకు అట్టి ఫలము దక్కలేదు.

వీరాస్వామయ్యగారి లేఖల వలన మరియొక ప్రయోజనము కలిగెను. తానెచ్చట నున్నదియు, ముందు ఎచ్చటికి పోవునదియు మద్రాసులోని ఒక మిత్రునికి ఎల్లప్పుడు తెలియుచుండెను. నడుమ ఆయన కనబడకుండ పోయి యున్నచో ఎచ్చటినుండి వెదకవలెనో శ్రీనివాసపిళ్ళకు తెలిసి యుండెడిది. ఈ చిన్న విషయము ఎంత విలువైనదో ముందు లెక్కవేసి చూతము.

అడవికి మరల వచ్చిన ఏనుగు

1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిమ్మట అడవులకు ఎల్లరాళ్ళు, కావలి ఉద్యోగులు ఏర్పడిరి. ఇరువదవ శతాబ్దములో అడవిలో ఒంటరిగా తిరుగువాడనగానే బెంగుళూరు నివాసియగు కెన్నెత్ ఆండర్సన్ అను వేటగాడు అనేకులకు జ్ఞప్తికి వచ్చును. 1954లో ప్రచురింపబడిన ఆయన మొదటి గ్రంథములో చిత్తూరు మండలములోని చామల లోయలో తిరిగిన నరభక్షక వ్యాఘ్రము కథ కలదు. పలమనేరునకు ఈశాన్యమున భాకరాపేట, నాగపట్ల ప్రాంతపు అడవులవి. పులికొరకు రాత్రులు ఒంటరిగా కూర్చున్నప్పటికిని, దారి, నీరు, పులి జాడ మొదలగు సంగతులకు ఆయన ఆ గ్రామములవారి సహాయము మీదనే ఆధారపడెను.

ఆండర్సన్ కాలమున పలమనేరు అడవులలో అడవి ఏనుగు లేదు. ఆంధ్రదేశపు ఈ భాగమునుండి ఏనుగులు మాయమై అప్పటికే చాల తరములు గడచెను. 1980 దశకపు తొలి సంవత్సరములలో కర్ణాటక, తమిళనాడు సరిహద్దులలోని అడవులనుండి కొన్ని ఏనుగులు కుప్పము, పలమనేరు ప్రాంతములకు వలసవచ్చి స్థిరపడెను. వీని కొరకే 1990లో కౌండిన్య వన్యమృగ సంరక్షణాలయము ఏర్పాటయ్యెను. దీని వైశాల్యము సుమారు 358 చదరపు కిలోమీటర్లు.

మనుష్యుల జ్ఞాపకములో ఏనుగు లేని సీమకు ఏనుగు వచ్చినప్పుడు ఆపద ఇనుమడించును. ఏనుగు దారి ఏది, అది ఏ వేళ నీటికి దిగును, గున్న వెంట నున్నప్పుడు ఎట్లు ప్రవర్తించును అను జ్ఞానము తాతలనుండి మనుమలకు అందవలసినది. ఈ గ్రామములలో ఆ గొలుసు తెగిపోయి యుండెను. 1819లో సర్వేవారికి దోమ ఎట్లో, ఈ ప్రాంతపు రైతుకు ఏనుగు మొదట అట్లే అయ్యెను. ఏనుగు చూపు మందము. ఘ్రాణము అతి తీక్ష్ణము. పెద్ద దేహముతోనే అది గంటకు ఇరువది కిలోమీటర్లకు మించిన వేగముతో వెంటాడగలదు. 1984లో కేటీ పెయిన్ అను పరిశోధకురాలు కనుగొన్న ప్రకారము, ఏనుగులు మనుష్యుని చెవికి అందని మంద్ర ధ్వనులతో, అనగా సెకనుకు 20 కంపనములకు తక్కువైన ధ్వనులతో, ఒకదానితో నొకటి సంభాషించుకొనును. కాబట్టి పొద నిశ్శబ్దముగా నున్నంత మాత్రమున ఆవల మంద లేదని తలచరాదు. తెల్లవారుజామున, సంధ్యవేళ ఒంటరిగా నడచు కాపరికే ఎక్కువ అపాయము.

నేడు ప్రభుత్వము కందకములు త్రవ్వించుచున్నది. సౌరశక్తితో పనిచేయు కంచెలు కట్టించుచున్నది. ఏనుగుల జాడ తీయువారిని నియమించుచున్నది. ప్రాణనష్టమునకు, పంటనష్టమునకు పరిహారము చెల్లించుచున్నది. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వము శిక్షణ పొందిన నాలుగు కుమ్కీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌నకు అప్పగించెను. పలమనేరు సమీపమున ముసలిమడుగు వద్ద వానికి శిబిరము ఏర్పరుపబడెను. దారి తప్పిన ఏనుగును మందలించి అడవికి మరలించుటకు మరియొక ఏనుగు కావలసి వచ్చెను. ఈ ఖర్చంతయు ప్రజలదే.

వృత్తము చెప్పు లెక్క

ఇక తప్పిపోయిన మనిషిని వెదకుటకు ఎంత శ్రమయగునో హైస్కూలు గణితముతోనే లెక్కింపవచ్చును. అడవిలో ఒక మనిషి గంటకు 3 కిలోమీటర్లు నడచుననుకొందము. అతడు ఏ దిక్కునకు పోయెనో తెలియదు. ఒక గంట తరువాత అతడు 3 కిలోమీటర్ల వ్యాసార్ధముగల వృత్తములో ఎచ్చటనైన నుండవచ్చును. ఆ వృత్త వైశాల్యము సుమారు 28 చదరపు కిలోమీటర్లు. రెండు గంటల తరువాత వ్యాసార్ధము 6 కిలోమీటర్లు, వైశాల్యము 113. మూడు గంటలకు 254. నాలుగు గంటలకు 452 చదరపు కిలోమీటర్లు. ఇది మొత్తము కౌండిన్య సంరక్షణాలయము కంటె పెద్దది. కాలము రెండింతలైనచో వెదకవలసిన స్థలము నాలుగింతలగును.

ఇరువదిమంది మనుష్యులు పది మీటర్ల ఎడముతో వరుసగా నిలిచి, పొదలు వెదకుచు గంటకు ఒక కిలోమీటరు చొప్పున నడచిరనుకొందము. వారు గంటకు 0.2 చదరపు కిలోమీటరు మాత్రమే గాలింపగలరు. 113 చదరపు కిలోమీటర్లు వెదకుటకు వారికి 565 గంటలు పట్టును. అంతవరకు గాయపడినవాడు బ్రతికి యుండునా?

అదే మనిషి పోవునప్పుడు, "ఫలానా బాటన పోవుచున్నాను, ప్రొద్దుగ్రుంకు లోపల వత్తును" అని ఇంట చెప్పి పోయెననుకొందము. అప్పుడు వెదకవలసినది 6 కిలోమీటర్ల బాట. దానికి రెండుప్రక్కల 200 మీటర్లు చొప్పున చూచినను వైశాల్యము 2.4 చదరపు కిలోమీటర్లే. ఆ ఇరువదిమందికి అది 12 గంటల పని. రెండు జట్లైనచో ఆరు గంటలు. ఒక్క మాట వలన వెదకులాట సుమారు 47వ వంతునకు తగ్గినది. వృత్తమును గీతగా మార్చినది ఆ మాటయే.

దారి తప్పినవాడు ముందుకే పోవునను నమ్మకము కూడ లేదు. 2009లో జర్మనీలోని ట్యూబింగెన్ నగరపు శాస్త్రజ్ఞులు కొందరిని అడవిలోను, ఎడారిలోను నడిపించి పరీక్షించిరి. సూర్యుడు గాని చంద్రుడు గాని కనబడునప్పుడు వారు ఇంచుమించు తిన్నగా నడచిరి. మబ్బు కమ్మినప్పుడు తమకు తెలియకనే గుండ్రముగా తిరిగి తమ అడుగుజాడలనే దాటిరి. కాబట్టి దారి తప్పితినని తెలిసిన వెంటనే నిలిచిపోవుట ఉత్తమము. కదలని మనిషికి వృత్తము పెరుగదు.

రెండు వెదకులాటలు

ఈ లెక్క కేవలము కాగితముమీదిది కాదు. 2009 సెప్టెంబరు 2వ తేదీన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డి, మరి నలుగురు ప్రయాణించుచుండిన హెలికాప్టరు నల్లమలపై ఆచూకీ లేకుండ పోయెను. వాయుసేన విమానములు, ఉపగ్రహ ఛాయాచిత్రములు, వేలకొలది పోలీసులు వినియోగింపబడిరి. వాన, మబ్బు, దట్టమైన అడవి అడ్డుపడెను. మరునాటి ఉదయమున గాని పావురాలగుట్టపై శకలములు కనబడలేదు. అందున్న అయిదుగురును మరణించియుండిరి. రాజ్యపు శక్తి అంతయు ఒకచోట కేంద్రీకరించినను ఒక దినము పట్టెను. పేరు లేని కాపరి విషయమున ఎంతకాలము పట్టునో ఊహింపవచ్చును.

రెండవది మన దేశమునకు చాల దూరమున జరిగినది. నెల్లూరు మండలము సంగం దగ్గరి గాంధీ జనసంఘం గ్రామమున 1974లో జన్మించిన మల్లి మస్తాన్ బాబు కోరుకొండ సైనిక పాఠశాలలోను, తరువాత ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లోను, కలకత్తా ఐ.ఐ.యం.లోను చదివెను. 2006లో ఏడు ఖండములలోని ఏడు అత్యున్నత శిఖరములను 172 దినములలో ఎక్కి ప్రపంచఖ్యాతి గడించెను. పర్వతములలో ఆయన నేర్పునుగాని, సిద్ధపాటునుగాని శంకింపవలసిన పనిలేదు. అయినను 2015 మార్చి 24వ తేదీన దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతములందలి త్రెస్ క్రూసెస్ శిఖరమునకు ఒంటరిగా బయలుదేరిన పిమ్మట ఆయన వార్త తెలియలేదు. ఆ శిఖరము అర్జెంటీనా, చిలీ దేశముల సరిహద్దుపై 6,700 మీటర్లకు మించిన ఎత్తున నున్నది. రెండు దేశములవారును వెదకిరి. వాతావరణము ప్రతికూలించెను. ఏప్రిల్ 3వ తేదీన ఆయన దేహము మాత్రము కనబడెను. ఏప్రిల్ 25వ తేదీన స్వగ్రామములో అంత్యక్రియలు జరిగెను.

నిపుణుడు కూడ ఒంటరిగా నున్నప్పుడు చిన్న ప్రమాదము పెద్దదగును. కాలు బెణికినవానిని తోడివాడు భుజమిచ్చి నడిపించును. ఒంటరివాడు అచ్చటనే పడియుండవలెను. పాము కరచినవాడు కదలక యుండవలెను. కదలిన కొలది విషము త్వరగా వ్యాపించును. కాని తోడు లేనివాడు కదలక తప్పదు. ఒంటరితనమే ఇట్లు అపాయమునకు గుణకమగుచున్నది.

ఎవరు చెల్లింపవలెను?

వెదకులాట ఖర్చు ఎవరిదను ప్రశ్నకు లోకములో పలువిధములైన సమాధానములు కలవు. ఆల్ప్స్ పర్వతములలో 2,469 మీటర్ల ఎత్తుననున్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమపై పదునొకండవ శతాబ్దమునుండి క్రైస్తవ సన్న్యాసుల సత్రమొకటి కలదు. మంచులో చిక్కుకొన్న బాటసారులను వారు ధర్మార్థముగా రక్షించిరి. 1800 నుండి 1812 వరకు అచ్చట నుండిన బ్యారీ అను కుక్క నలువదిమందికి పైగా కాపాడెనని ప్రసిద్ధి. ఇది మన చలివేంద్రము వంటిది.

అదే స్విట్జర్లాండులో 1952లో రేగా అను విమాన రక్షణ సంస్థ స్థాపింపబడెను. లక్షలకొలది పౌరులు ఏటేటా ఇచ్చు స్వల్పమైన చందాలు దీనికి ముఖ్యాధారము. ఇది చెంచుకు ముందుగా ఇచ్చిన ప్రతిఫలము వంటిది. బ్రిటనులో పర్వతరక్షణ దళములవారు స్వచ్ఛందముగా, ఉచితముగా పనిచేయుదురు. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములో మాత్రము అజాగ్రత్త వలన ఆపద తెచ్చుకొన్నవానివద్ద ఖర్చు వసూలు చేయవచ్చునని చట్టము కలదు. ముందుగా చిన్న రుసుము చెల్లించి కార్డు తీసికొన్నవారికి అజాగ్రత్త విషయమున మినహాయింపు లభించును. తెగబడి మొండిగా పోయినవారికి లభింపదు.

ఈ వసూలు న్యాయమేనా అని చర్చ జరుగుచునే యున్నది. ఖర్చు తనమీద పడునను భయముతో ఆపదలోనున్నవాడు పిలుచుటకు జంకినచో, ఆలస్యము పెరుగును. ఆలస్యము పెరిగినచో వృత్తము పెరుగును. అప్పుడు ప్రాణమును పోవును, ఖర్చును హెచ్చును. అందుచేత పెక్కు దేశములవారు రక్షణను ఉచితముగానుంచి, జాగ్రత్తను మాత్రము కఠినముగా కోరుచున్నారు. మన దేశములో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము సంరక్షణాలయములోనికి అనుమతి లేనిదే ప్రవేశింపరాదు. ఇది మృగముల కొరకే కాక మనుష్యుల కొరకును అవసరమైన నియమము. అనుమతి పత్రమనగా, ఎవడు లోపల నున్నాడో బయట ఒకరికి తెలియుట.

ఆకాశమునుండి వెదకు ఏర్పాటు కూడ వచ్చినది. అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్సు దేశములు కలిసి నెలకొల్పిన కోస్పాస్-సార్సాట్ ఉపగ్రహ వ్యవస్థ 1982 సెప్టెంబరులో మొదటి రక్షణకు తోడ్పడెను. రెండు విరోధి కూటములు శీతల యుద్ధకాలమున కూడ ఈ పనికి చేతులు కలిపినవి. భారతదేశములో దీని నియంత్రణ కేంద్రము పలమనేరునకు పడమరననున్న బెంగుళూరులోనే, ఇస్రో ఆధ్వర్యమున నడచుచున్నది. నమోదుచేయబడిన సంకేత యంత్రము మీట నొక్కినచో, అది ఏ అడవిలోనున్నను, ఏ సముద్రములోనున్నను, వెదకువారికి చోటు తెలియును. ఇచ్చట కూడ సూత్రమదియే. వృత్తమును బిందువుగా మార్చుట. అయితే అట్టి యంత్రములు సామాన్యునివద్ద నుండవు. ఉపగ్రహ ఫోనులను మన దేశములో అనుమతి లేకుండ వాడరాదు. చేతిలోని మొబైలు ఫోనుకు లోయలో తరంగములు అందకపోవచ్చును.

బయలుదేరుటకు ముందు

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు కాకుండ, విహారయాత్రలకు పోవు విద్యార్థులును, వారిని తీసికొనిపోవు ఉపాధ్యాయులును పాటింపవలసినవి కొన్ని కలవు. ఒంటరిగా పోరాదు, ముగ్గురుండుట మేలు. ఒకరు గాయపడినచో ఒకరు తోడుండగా మూడవవాడు సహాయమునకు పోవును. అటవీశాఖవారి అనుమతి పొందవలెను. ఎండలో నడచువాని దేహమునుండి గంటకు ఒక లీటరు వరకు నీరు చెమటరూపమున పోవచ్చును గనుక, చాలినంత నీరు తీసికొని పోవలెను. దీపము, అగ్గిపెట్టె, ఈల దగ్గర నుంచుకొనవలెను. నిముషమునకు ఆరుమార్లు ఈల వేసి, ఒక నిముషము ఆగి, మరల వేయుట ఆపదకు అంతర్జాతీయ సంకేతము. 1894లో ఇంగ్లండు ఆల్పైన్ క్లబ్బువారు దీనిని ప్రచారములోనికి తెచ్చిరి. నిముషమునకు మూడుమార్లు వినబడినచో అది జవాబు. పాము కరచినచో కోయుట, గట్టిగా కట్టుట మాని, ఆ అవయవమును కదలనీయక, విషవిరుగుడు మందుగల ప్రభుత్వ ఆసుపత్రికి మోసికొనిపోవలెను. సహాయమునకు 112 సంఖ్యను పిలువవలెను.

వీనిలో కొన్నింటికి కొంచెము డబ్బు కావలెను. అన్నిటికంటె విలువైనదానికి మాత్రము ఏమియు అక్కరలేదు. ఒక చిన్న కాగితము తీసికొని, పోవువారి పేర్లు, పోవు బాట, బయలుదేరిన వేళ, తిరిగివచ్చు వేళ, ఆ వేళకు రానిచో ఎవరికి తెలుపవలెనో వ్రాసి, ఇంటనో, పాఠశాలలోనో, అటవీ తనిఖీ కేంద్రములోనో ఇచ్చి పోవుట. ఆ కాగితము అందుకొన్నవారు కూడ తమ బాధ్యత నెరిగి యుండవలెను. చెప్పిన వేళ దాటిన వెంటనే కదలవలెను గాని, "వచ్చునులే" అని తెల్లవారువరకు వేచియుండరాదు. గంట గంటకు వృత్తము పెరుగుచుండును.

తరగతిలో వృత్త వైశాల్యము చెప్పునప్పుడు ఉపాధ్యాయులు ఈ ఉదాహరణము తీసికొనవచ్చును. పలమనేరు మ్యాపుమీద ఒక ఊరును కేంద్రముగా పెట్టి, మూడు, ఆరు, తొమ్మిది, పండ్రెండు కిలోమీటర్ల వృత్తములను విద్యార్థులచేతనే గీయించి, వానిలో ఎన్ని గుట్టలు, ఎన్ని ఏరులు, ఎన్ని గ్రామములు పడినవో లెక్కింపజేయవలెను. పిమ్మట అదే మ్యాపుమీద ఒక బాటను మాత్రము గీయించవలెను. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన చూచిన విద్యార్థి ఇంట చెప్పకుండ అడవికి బయలుదేరడు.